గైర్ ముల్కీ గడ్డి

పోయిన నెల ఎల్.బి.నగర్ దగ్గర ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు కబురు పెడితే వెళ్లాను. పిల్లలు ఆడుకునే మైదానం రెండెకరాలు. పచ్చిక బాగా పట్టింది. మనుషులతో కోయించలేక చిన్న ట్రాక్టరు కొని, వెనక గడ్డికోత మిషను కట్టిద్దామనుకున్నారు. నేను ఇంజనీరును కాదు. మెట్రిక్ తర్వాత కాలేజీ మెట్లు ఎక్కలేదు. కానీ ఏ మోటారు ఎన్ని నీళ్లు తోడుతుంది, ఏ దూలం ఎంత బరువు మోస్తుంది అన్నది కాగితం మీద లెక్క కట్టి చెబుతానని ఈ వైపు కాలనీల్లో నాకు కొంచెం పేరుంది. స్కూలు సెక్రటరీ మూడు కంపెనీల కరపత్రాలు బల్ల మీద పరిచాడు.

"ఎన్ని హార్స్‌పవర్‌ది తీసుకోమంటరు సార్?"

"అది తర్వాత. ముందు దాన్ని ఎక్కడ మలుపుతారో చూపించండి."

"మలుపుడేంది సార్? ట్రాక్టరు ఎక్కడైనా మలుగుతది గదా."

"బండి మలుగుతుంది. దానికింద గడ్డి మలగదు" అన్నాను.

ఆ మాట నాది కాదు. నోట్లోంచి వచ్చిన తర్వాత గాని ఎవరిదో నాకు తట్టలేదు. తట్టగానే కరపత్రాలు అక్కడే వదిలేసి, గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఎండదెబ్బ అనుకుని సెక్రటరీ మంచినీళ్లు తెప్పించాడు.

ఇరవై ఏళ్లు దాటింది ఆ మాట విని. ఆ మాట అన్న మనిషిని మేమంతా పెద్ద మాలి అనేవాళ్లం. హాజరు పట్టీలో ఆయనకొక పేరుండేది. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఇక్కడ నేనూ పిలవను.

దిల్‌సుఖ్‌నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద, ఇప్పుడు ఎల్.బి.నగర్ చౌరస్తా అంటున్న చోటికి ఇవతల, అప్పట్లో ఒక ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఉండేది. చుట్టూ ద్రాక్ష తోటలు. ముందు మూడెకరాల పచ్చిక. జెండా పండుగలు, మంత్రుల సభలు, ఆటల పోటీలు అన్నీ దాని మీదే. నేను అందులో స్టోర్ గుమాస్తాను. వయసు ఇరవై మూడు. ఆ మూడెకరాలకు పెద్ద మాలి యజమాని. ఆఫీసరు కూడా ఆయన్ని అడక్కుండా పచ్చిక మీద కుర్చీ వేయించేవారు కాదు.

సన్నటి మనిషి. నల్లగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. పచ్చిక అంచుకు రాగానే చెప్పులు విడిచేవాడు. గుడిలోకి పోయేవాడిలా కాదు, కొలత తీసుకునేవాడిలా. నాలుగడుగులు వేసి ఆగి, కుడికాలి మడమ నేలలోకి నొక్కి, లోపల ఎనిమిది దాకా లెక్కపెట్టి, కాలు తీసి ఆ గుంట వైపు చూసేవాడు. గుంట చుట్టూ నీటి చెమ్మ మెరిస్తే ఆ రోజు కోత లేదు. గుంట తిరిగి లేచి నిండితే కోత ఉంది. గుంట పడనే పడకపోతే నీళ్లు పెట్టాలి. ఆయన దగ్గరున్న సాధనం ఆ మడమ ఒక్కటే. నేను వర్షమాపకం తెచ్చి నెల రోజులు కొలతలు రాసి పోల్చి చూశాను. మడమ తప్పలేదు.

గడ్డి మిషను ఎడ్లతో లాగించేవాడు. బరువైన రోలరు, దాని ముందు గుండ్రంగా తిరిగే కత్తులు. ఎడ్లకు బూట్లు తొడిగేవాడు. నవ్వులాటకు అనటం లేదు. గిట్టలు దిగబడి పచ్చిక పాడవకుండా, వెడల్పాటి తోలు అడుగుతో, చీలమండ దగ్గర తాడుతో బిగించే బూట్లు, ఎనిమిది. వాటిని ఆయనే కుట్టాడు.

"మా తాత బావులకు మోట బొక్కెనలు కుట్టిండు. మా నాయిన పటేండ్లకు చెప్పులు కుట్టిండు. నేను ఎడ్లకు బూట్లు కుడుతున్న. మా ఖాందాన్ ఎట్ల పైకొచ్చిందో, తరక్కీ చూసినవా లెక్కల సారూ?" అనేవాడు నాతో, సూది పళ్లతో కరిచిపట్టి.

ఆ ఎడ్ల పేర్లు పేతురు, పౌలు. మన్సూరాబాద్ గుడిసెల్లో ఆదివారం ప్రార్థన జరిపించే పాస్టరుగారికి అది నచ్చలేదు. అపొస్తలుల పేర్లు పశువులకా అని మందలించాడట. దానికి ఈయన చెప్పిన జవాబు మా ఆఫీసంతా తిరిగింది. "అయ్యగారూ, గా ఇద్దరు పెద్దమనుషులు గూడ ఒక్కపారి కొట్లాడుకున్నరని మీరే చదివిండ్రు గదా. గీళ్లు రోజూ కొట్లాడుతరు. గంతే ఫరక్."

ఆదివారం కోసేవాడు కాదు. మిగతా రోజుల్లో ఒకే దిక్కున రెండుసార్లు వరసగా కోసేవాడు కాదు. నిన్న తూర్పు పడమరలైతే ఇవాళ ఉత్తర దక్షిణాలు, ఆ తర్వాత మూలలకు. ఎందుకని అడిగాను. "రోజూ ఒక్క దిక్కే దువ్వితే తల మీద పాపిట పడదా? గట్లనే" అన్నాడు. చివర మలుపులో పచ్చిక మీద తిప్పేవాడు కాదు. కంకర బాట మీదికి ఎడ్లను పూర్తిగా దింపి, అక్కడ మలిపి, మళ్లీ ఎక్కించేవాడు. "బండి మలుగుతది, కింద గడ్డి మలుగది. నేల బరువుకు చావది. మలుపుకు చస్తది" అనేవాడు.

ఇక ఆయన పచ్చికకు పెట్టిన పేర్లు. మా నేలలో తనంతట తాను పట్టి, ఎండకు మాడి, వానకు లేచే గరికను ముల్కీ అనేవాడు. బయటినుంచి మట్టితోనో ఎరువుతోనో వచ్చి చేరే తుంగను, ముళ్ల గడ్డిని, ఇంకా దేన్నైనా గైర్ ముల్కీ అనేవాడు. నిజాం కాలం నుంచి ఈ ఊళ్లో ఉద్యోగాల దగ్గర వాడే మాటలు అవి. ముల్కీ అంటే ఇక్కడివాడు, గైర్ ముల్కీ అంటే బయటినుంచి వచ్చినవాడు. ఆయన వాటిని మనుషులకు వాడగా నేను వినలేదు. పొద్దున్నే పళ్లున్న చిన్న ముల్లుపారతో మోకాళ్ల మీద కూర్చుని, "గైర్ ముల్కీ, ఎప్పుడొచ్చినవే? సర్టిఫికెట్ చూపెట్టు" అని తుంగ మొక్కతో మాట్లాడుతూ గడ్డతో సహా పెరికేవాడు. మేం నవ్వేవాళ్లం. నేను మాత్రం కొంచెం తక్కువ నవ్వేవాణ్ని.

కారణం చెప్పాలి. మా నాన్న కృష్ణ దిగువ నుంచి కాలువ పనులు అయిపోయాక ఈ ఊరు వచ్చారు. నాకీ ఉద్యోగం వచ్చింది ముల్కీ సర్టిఫికెట్ మీద. అందులో మేం ఇక్కడ ఉన్న ఏళ్లు నియమానికి కావలసిన పదిహేనూ రాసి ఉన్నాయి. నేను ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగేళ్లు తక్కువ వచ్చేవి.

అరవై తొమ్మిదిలో, గైర్ ముల్కీలు వెళ్లిపోవాలని గొడవలు మొదలయ్యాయి. కాలేజీలు మూతబడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్ దాకా బస్సు వస్తుందో రాదో తెలిసేది కాదు. నేను మలక్‌పేట నుంచి నడిచి వచ్చిన రోజులున్నాయి. గోడల మీద నినాదాలు. ఆఫీసుల్లో సర్టిఫికెట్లన్నీ మళ్లీ పరిశీలించాలని ఉత్తర్వు వచ్చింది. మా ఆఫీసరు వెనకున్న బీరువాలో, రెండో అరలో, నా కాగితం ఉందని నాకు తెలుసు. ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా నా కళ్లు ఆ అర దగ్గరే ఉండేవి.

బంద్ రోజుల్లో కూలీలు రాలేకపోవడంతో పచ్చిక మోకాలు దాకా పెరిగింది. ట్రాక్టరు కావాలని ఆఫీసరు పైకి రాశారు. రెండు దారులు తేలాయి. ఒకటి, ఇంకో జిల్లాలో మా శాఖ వ్యవసాయ క్షేత్రంలో ఖాళీగా ఉన్న పెద్ద దుక్కి ట్రాక్టరు. డ్రైవరుతో సహా ఇక్కడికి బదిలీ చేస్తారు. రెండోది, కొత్తగా తెప్పించే చిన్న ట్రాక్టరు. దానికి ఇక్కడి మనిషినే నేర్పించి పెట్టుకోవాలి.

పెద్ద మాలి ట్రాక్టరుకు అడ్డు చెబుతాడని అందరం అనుకున్నాం. ఎడ్లు పోతాయి, బూట్లు పోతాయి, ఆయన పెత్తనం పోతుంది. ఆయన అడ్డు చెప్పలేదు. ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "తేర్రి సారూ, ఎడ్లు గూడ ముసలియైనయి. గని చిన్నది తేర్రి" అన్నాడు.

"ఎందుకు చిన్నది?"

"తేలికది గావాలె. టైర్లు వెడల్పు ఉండాలె, బోడివి ఉండాలె. గా దుక్కి ట్రాక్టరు టైర్లకు పండ్లుంటయి, నేలను కరిచి పట్టనీకె. మనకు కరిచేది వద్దు. టైర్ల గాలి జర తక్కువ వెట్టాలె. కత్తుల మిషను వెనక ఊగుకుంట రావాలె, గుట్టెక్కితే ఎక్కాలె, దిగితే దిగాలె, లేకుంటే గుట్ట నెత్తి గొరుగుతది. ఇంకోటి, మడమ తడి చూపెడితే ట్రాక్టరు బయటికి తియ్యొద్దు. మినిస్టర్ ఒచ్చినా తియ్యొద్దు."

ఆఫీసరు నవ్వారు. హైదరాబాదు పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి. మంచివారే. "మినిస్టర్ సంగతి నేను చూస్త గని, నువ్వు లెక్క గట్టవయ్యా" అన్నారు నావైపు తిరిగి. "పెద్ద ట్రాక్టర్ నిజంగ నేలను అంత తొక్కుతదా?"

ఆ మాటకోసమే ఎదురు చూస్తున్నట్టు నేను రెండు రోజులు కూర్చున్నాను. ఎద్దు బరువు, నడిచేటప్పుడు దాని భారం మోసే రెండు గిట్టలు, గిట్ట అచ్చు కాగితం మీద గీసి దాని వైశాల్యం. ట్రాక్టరు బరువులో వెనక చక్రాల వాటా, టైరు నేలను తాకే వైశాల్యం. భాగించాను. చదరపు అంగుళానికి ఎద్దు గిట్ట కింద ఇరవై ఎనిమిది పౌండ్లు, పెద్ద ట్రాక్టరు టైరు కింద పదమూడు. ఎద్దుకంటే ట్రాక్టరే తేలిక. శుభ్రంగా కాపీ రాసి ఆఫీసరుకు ఇచ్చాను. ఆయన మెచ్చుకున్నారు. పెద్ద మాలికి కూడా చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు.

"ఎద్దు గిట్ట ఎక్కడ కొల్చినవు?"

"కొట్టంలోనండి. నిలబెట్టి."

"బూటు తొడిగినప్పుడు కొల్చినవా, ఉత్తగ ఉన్నప్పుడా?"

ఉత్త గిట్టనే కొలిచాను. బూటు అడుగు దానికి రెండున్నర రెట్లు.

"మల్ల గా బూట్లు నేనెందుకు కుట్టిన లెక్కల సారూ? పేతురు పెండ్లి చూపులకు పోతడనా?" అన్నాడు. పక్కన నీళ్లు పెడుతున్న ఆడకూలీలు పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "లెక్క మంచిదే. దానికి బూటు తొడుగు" అన్నాడు.

మే నెలలో పెద్ద ట్రాక్టరు పరీక్షకు వచ్చింది. దాన్ని తోలుకొచ్చిన డ్రైవరుకు నలభై ఏళ్లుంటాయి. మాట మెత్తన. దిగగానే నా యాస విని దగ్గరికొచ్చాడు. మా తాలూకావాడే.

"మీరు ఫలానావారి అబ్బాయా? అయ్యో, మీ నాన్నగారు నాకెందుకు తెలీదండీ! కాలవ పని అయిపోయిన ఏడే కదా ఊరొదిలేశారు. వారం రోజులు వాన. మీ సామాను బండి మీద కప్పడానికి గోనెపట్టాలు మా ఇంట్లోవే ఇచ్చాం."

అతను ప్రేమతోనే అన్నాడు. నేను మాత్రం అతని నోట్లో ఉన్న ఆ సంవత్సరాన్ని లెక్క వేసుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి గది బదిలీకి ముందే తీసుకున్నానని, భార్యకు ఏడో నెలని, మొన్న సాయంత్రం గుంపు ఒకటి నినాదాలిస్తూ పోతూ రేకుల మీద రాళ్లు వేస్తే ఆవిడ మంచం కింద దూరిందని చెప్పాడు. "రాళ్లకేమండీ, ఎవరింటి మీద పడుతున్నాయో వాటికి తెలీదుగా" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు.

పరీక్షకు ముందు పెద్ద మాలి ఒక పని చేశాడు. ఆఫీసు ముందు సిమెంటు బాట మీద జల్లెడతో ముగ్గుపిండి పలచగా చల్లి, ట్రాక్టరును దాని మీదుగా ఒకసారి మెల్లగా నడపమన్నాడు. నడిపాక నన్ను పిలిచాడు. టైరు అచ్చు పూర్తిగా పడలేదు. పళ్లు తాకిన చోట మాత్రమే ముగ్గు చెదిరింది. పళ్లకూ పళ్లకూ మధ్య ముగ్గు చల్లింది చల్లినట్టే ఉంది.

"గిప్పుడు కొల్చు" అన్నాడు.

కొలిచాను. నేను లెక్కలో వేసిన వైశాల్యంలో మూడో వంతు కూడా లేదు. నా పదమూడు నలభై దాటింది. అక్కడికక్కడే పాత కాగితం వెనక కొత్త లెక్క రాసుకున్నాను. సిగ్గుపడ్డానుగాని, నిజం చెప్పాలంటే సంతోషం కూడా వేసింది. తప్పు ఎక్కడుందో చూపించగల మనిషి దొరకడం చిన్న విషయం కాదు.

ఆ తర్వాత ట్రాక్టరు పచ్చిక మీదికి ఎక్కింది. నీళ్లు పెట్టి తడిలో కూడా చూడమని పెద్ద మాలి అడిగాడు. ఆఫీసరు టైము లేదన్నారు. మే నెల ఎండకు గట్టిపడ్డ నేల. ట్రాక్టరు చక్కగానే కోసింది. ఆఫీసరు సంతోషంగా లోపలికి వెళ్లిపోయారు. పచ్చిక మీద పెద్ద మాలి, నేను, నలుగురు కూలీలు మిగిలాం. డ్రైవరు ఇంజను ఆపి, మాకు ఇరవై అడుగుల దూరంలో, చక్రం పక్కన నీడలో నిలబడి ముఖం తుడుచుకుంటున్నాడు.

పెద్ద మాలి ట్రాక్టరు వెళ్లిన జాడ మీద కూర్చుని వేళ్లతో వెతుకుతున్నాడు. టైరు పళ్ల సందుల్లో ఇరుక్కొచ్చిన దుక్కి మట్టి పెళ్లలు పచ్చిక మీద రాలి ఉన్నాయి. ఒక పెళ్లను చితిపి అరచేతిలో పెట్టి నాకు చూపించాడు. నల్లటి తుంగ గడ్డలు, శనగగింజలంతవి, మూడు. ఆయన ముఖం మారిపోయింది. లేచి నిలబడి, కూలీలకు వినిపించేలా, ట్రాక్టరు వైపు చెయ్యి చాపి గట్టిగా అన్నాడు:

"చూసిండ్రా! గైర్ ముల్కీని ఇంట్ల జొర్రనిచ్చిండ్రు. గిప్పుడే వేర్లతోటి పీకి బయట పారెయ్యాలె. లేకుంటే మనల్ని బతకనియ్యది!"

డ్రైవరు తువ్వాలు ముఖం మీదే ఆగిపోయింది. పెద్ద మాలి చాపిన చెయ్యి నేరుగా అతని వైపు ఉంది. అరచేతిలో గడ్డలు అతనికి కనబడవు. పెద్ద మాలి అతన్ని చూడనైనా లేదు. మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని పెళ్లలు ఏరుతున్నాడు. డ్రైవరు ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు. ఆ క్షణంలో నేను నాలుగు అంగల్లో అతని దగ్గరికి వెళ్లి, "అది తుంగ గురించండీ" అని ఉంటే సరిపోయేది. అతను అంత భయపడ్డాడని నాకు తెలియలేదు. మర్నాడు తెలిసింది.

మర్నాడు ఆఫీసరు నన్ను పిలిచారు. బల్ల మీద డ్రైవరు రాసిచ్చిన కాగితం ఉంది. పెద్ద మాలి కూలీల ముందు తనవైపు చెయ్యి చూపి, వేర్లతో పీకి పారెయ్యాలని ఉసిగొల్పాడని, తనకూ భార్యకూ ప్రాణభయం ఉందని. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. అతను విన్నదే రాశాడు.

నేను ముందుగా నా కొత్త లెక్క బయటికి తీశాను. "సార్, నా పాత లెక్క తప్పండి. టైరు పళ్ల మీదే నిలబడుతుంది. చిన్న ట్రాక్టరే మంచిది. పెద్ద మాలి చెప్పింది నిజం" అన్నాను. లెక్క సరిదిద్దుకోవడానికి నాకు ఎప్పుడూ భయం లేదు.

ఆయన కాగితం పక్కకు జరిపారు. "టైర్ల సంగతి కాదయ్యా గిప్పుడు. చిన్నది కొంటే గీ డ్రైవర్ ఇక్కడికి రాడు. లోకల్ మనిషిని పెట్టుకోవాలె. పెద్ద మాలి మొదటి నుంచి చిన్నదే, చిన్నదే అంటున్నడు. ఎందుకంటున్నడో గిప్పుడు సమజైతున్నది. నాకు పైనుంచి ఫోన్ ఒచ్చింది. రోజులు మంచిగ లేవు." ఆగి, కళ్లజోడు తీసి, "నువ్వు పక్కనే ఉన్నవంట గదా. ఆ మాట అన్నడా? ఎవర్ని అన్నడు?" అని అడిగారు.

ఆయన వెనక బీరువా. రెండో అర. తుంగ గురించే అన్నాడని చెబితే డ్రైవరు కాగితం చెల్లదు. చెల్లకపోతే అతను ఊరుకుంటాడా? అతని నోట్లో మా నాన్న ఊరొదిలిన సంవత్సరం ఉంది. అతను అలాంటి మనిషి కాడని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు నాలుగేళ్ల తక్కువ ఒక్కటే కనబడింది.

"కొలతలు రాసుకుంటున్నానండి. వినలేదు" అన్నాను.

"నిజంగ వినలేదా?"

"లేదండి."

కూలీలను కూడా పిలిచి అడిగారు. అన్నది తుంగనే అని నలుగురూ చెప్పారు. ఆయన మనుషులు ఆయన వైపే చెబుతారని ఆ మాట లెక్కలోకి తీసుకోలేదు. ఇద్దరికీ కానివాణ్ని, చదువుకున్నవాణ్ని నేనొక్కణ్నే ఉన్నాను. నేను వినలేదు.

పెద్ద మాలిని పనిలోంచి తీసేశారు. ముప్పై ఏళ్ల సర్వీసు. చివరిసారి గేటు దాటేటప్పుడు నేను స్టోరు కిటికీ దగ్గర ఉన్నాను. ఆయన పచ్చిక అంచుదాకా వచ్చాడు. చెప్పులు విడవబోయి, విడవలేదు. వెనక్కు తిరిగి కంకర బాట మీదుగా వెళ్లిపోయాడు. నావైపు చూడలేదు. కోపంతో చూడలేదో, నేను కనబడలేదో నాకు తెలియదు.

పెద్ద ట్రాక్టరు వచ్చింది. జులైలో వానలు పట్టాయి. పచ్చిక వారంలో మోకాలెత్తయింది. పంద్రాగస్టు జెండా పండుగ దగ్గరకొస్తోందని తడిలోనే కోయించారు. డ్రైవరు పాపం జాగ్రత్తగానే నడిపాడు. మొదటి మలుపులోనే వెనక చక్రం కూరుకుని తిరిగింది. పచ్చిక వేర్లతో సహా చాప చుట్టినట్టు లేచిపోయింది. లాగడానికి ఇంకో బండి తెచ్చారు, అదీ లోతుగా చక్రాల గాళ్లు చేసింది. నన్ను కొలిచి రిపోర్టు రాయమన్నారు. నాలుగు వేళ్ల లోతు గాళ్లు, అన్నీ కలిపి రెండు వందల అడుగుల పైన.

కొలుస్తూ ఉండగా ఇంకొకటి కనబడింది. మే నెలలో ట్రాక్టరు పరీక్షకు నడిచిన చోట, గరిక మధ్యలో, రెండు సమాంతర రేఖలుగా ముదురు పచ్చ మొలకలు. రెంటికీ మధ్య దూరం కొలిచాను. ట్రాక్టరు వెనక చక్రాల మధ్య దూరం. ఒక మొలకను లాగాను. తుంగ. ఆయన ఏరగా మిగిలినవి. నా చేతిలో రిపోర్టు కాగితం ఉంది. దాని మీద గాళ్ల లోతు రాశాను. తుంగ రేఖల గురించి రాయలేదు.

ఆఫీసరు పచ్చిక చూసి తల పట్టుకున్నారు. పక్క పార్కుల మాలీలను తెచ్చి చూపించారు. మట్టి పోసి నింపుదామన్నారు వాళ్లు. నింపితే మళ్లీ కుంగింది. మూడో రోజు ఆయన నన్ను పిలిచి, గొంతు తగ్గించి, "పెద్ద మాలి ఎక్కడ ఉంటడో నీకు ఎరుకనా? పోయి పిలువు. నేను పైన మాట్లాడి మళ్ల పనిల పెట్టిస్త. పాత సంగతి తియ్యొద్దని చెప్పు" అన్నారు.

మన్సూరాబాద్‌కు నడిచి వెళ్లాను. అప్పుడది ద్రాక్ష తోటల మధ్య చిన్న ఊరు. ఆయన ఇల్లు చివర్న ఉంది. గడపలో ఆయన భార్య బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చాట దించి, "ఒచ్చిండు చూడు, ఏమీ ఇనని సారు" అంది లోపలికి. పెద్ద మాలి మంచానికి నులక అల్లుతున్నాడు. లేవలేదు. కూర్చోమని మాత్రం మంచం పట్టె చూపించాడు. సగమే అల్లిన మంచం. నేను పట్టె అంచున కూర్చున్నాను.

పచ్చిక సంగతి చెప్పాను. ఎంత పొడవు, ఎంత లోతు. వింటూ ఆయన చేతిలో నులక ఆగిపోయింది.

"మట్టి పోసిండ్రా?"

"పోశారండి. కుంగింది."

"మీదికెళ్లి పోస్తే కుంగదా మరి? గడ్డిని కిందికెళ్లి ముల్లుపారతోటి లేపాలె. కింద నేల గుల్లజెయ్యాలె. ఇసుక వెయ్యాలె. మెల్లగ కూసోవెట్టాలె. పదిహేను రోజులు ఎవ్వడు కాలు వెట్టొద్దు." లేచి నిలబడ్డాడు. చేతులు గాల్లోనే ఆ పని చేస్తున్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "గాంత లోతు తెంపిండ్రా?" అన్నాడు.

"ఆఫీసరుగారు మిమ్మల్ని రమ్మన్నారు. మళ్లీ పనిలో పెట్టుకుంటారట. పాత సంగతి తియ్యొద్దన్నారు."

ఆయన అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నా ఎదురుగా కింద కూర్చున్నాడు.

"ఒక్క మాట అడుగుత లెక్కల సారూ. గా దినం నువ్వు నా పక్కన ఉన్నవు. నా చేతిల తుంగ గడ్డలు నీకు చూపెట్టిన. నేనన్నది నువ్వు ఇన్నవా, ఇనలేదా?"

"విన్నాను" అన్నాను.

"తుంగనన్ననా, మనిషినన్ననా?"

"తుంగనండి."

గడపలో చాట చప్పుడు ఆగింది. ఆయన కోపగించుకుంటాడనుకున్నాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన తల మెల్లగా ఊపాడు.

"గిది నాకెందుకు చెప్తున్నవు? నాకు ఎరుకే గదా. గా డ్రైవర్‌కు ఎరుక లేదు. పాపం, గా మనిషి పెండ్లాం నీళ్లాడే దినాలట, నన్ను చూసి భయపడి రాత్రిళ్లు నిద్రపోలేదంట. ఎవరో చెప్తె నా పానం ఎంత గుంజిందో ఎరుకనా? ముప్పై ఏండ్లు గడ్డి మీద బత్కినోన్ని, మనిషిని పీకుమంటనా?" నులక చేతిలోకి తీసుకుని మళ్లీ అన్నాడు. "నేనొస్త. గా గడ్డిని నేను గట్ల ఇడిచిపెట్టలేను. గని నువ్వు ముందుగాల పోయి సారు ముంగట, గా డ్రైవర్ ముంగట నిలవడి చెప్పు, పెద్ద మాలి అన్నది తుంగను అని. గంతే. ఇంకేం వద్దు. అది చెప్పినంక నాకు కబురు గూడ పంపొద్దు. కూలోళ్లు ఎవరన్న చెప్తరు. నా పార తీస్కోని నేనే ఒస్త."

"అలాగేనండి" అన్నాను.

ఆయన గడపదాకా వచ్చాడు. ఆయన భార్య ఒక గిన్నెలో ద్రాక్షపళ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. వాన తగిలి పగిలిన పళ్లు, తోటలో కూలికి పోయినప్పుడు ఇచ్చినవి. "తిను సారూ. నడిచొచ్చినవు" అంది, ముందన్న మాటకు కొంచెం బాధపడ్డట్టు.

తిరిగి నడిచి వచ్చాను. అడుగులు లెక్కపెట్టడం నాకు అలవాటు. ఆ రోజు లెక్క మధ్యలోనే తప్పి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ తప్పింది. ఎలా మొదలుపెట్టాలో వాక్యం కట్టుకుంటూ వచ్చాను. సార్, ఆ రోజు నేను విన్నాను. సార్, నేను చెప్పింది తప్పు. గేటు దగ్గరికి వచ్చేసరికి వాక్యం తయారైంది. పచ్చిక పక్కన డ్రైవరు టైరు పళ్లలోంచి బురద కర్రతో తీస్తున్నాడు. నన్ను చూసి, "బాబు పుట్టాడండీ!" అని అక్కడినుంచే అరిచి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆఫీసరు గదిలోకి వెళ్లాను. ఆయన ఫైలు మూసి తలెత్తారు. వెనక బీరువా తలుపులు తీసి ఉన్నాయి. సర్టిఫికెట్ల పరిశీలనకు వచ్చిన గుమాస్తా ఒకతను స్టూలు మీద కూర్చుని రెండో అరలోంచి కట్టలు దించుతున్నాడు.

"ఏమన్నడు? ఒస్తడా?"

"రానన్నాడండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "చూసినవా? తప్పు లేనోడైతే ఒస్తుండె" అన్నారు.

నేను తల ఊపాను.